నాలుక కింది మాత్రలు

తలుపు మందమైనది, లోపలి మాటలు బయటికి రావు. నడిమధ్య గాజుపలకకి పాలరంగు కాగితం అంటించారు, అందులోంచి నీడలు మాత్రం తెలుస్తాయి. కూర్చున్న నీడ చెల్లెలిది, దాని మీదికి వంగిన నీడ డాక్టరమ్మది. ఎంత ఓపికగా వంగిందో, నడుము నొప్పి పుట్టదా ఆవిడకి, అనుకుంది అక్క, బయట ఇనప కుర్చీలో కూర్చుని. పుట్టి బుద్ధెరిగాక తన మీదికి ఎవరైనా ఇలా వంగి చూశారా అని వెతుక్కుంది, ఒక్క మొహమూ తగల్లేదు, పళ్ళ డాక్టరు తప్ప, ఆయన కూడా మీ పళ్ళకేమండీ, ఇనపగుగ్గిళ్ళు నమలచ్చు అని పంపేశాడు. చెల్లెలి చేతిసంచీ ఒళ్ళో ఉంది, చెల్లెలి శాలువా భుజం మీద ఉంది, చెల్లెలు తాగి వదిలేసిన నీళ్ళ సీసా కాళ్ళ దగ్గర ఉంది. అటుగా వెళ్తున్న నర్సు ఆగి, "కంగారుపడకండి, మీ చెల్లెలుగారిని డాక్టరుగారు బాగా చూస్తారు" అంది. కంగారట. తనకున్నది కంగారని ఈ పిల్లకి ఎవరు చెప్పారు? తనకున్నది అసూయ. పైకి అనుకోడానికే సిగ్గేసేంత పచ్చి అసూయ, తల నెరిసిన మనిషికి, అదీ తోడబుట్టినదాని రోగం మీద. నగలు చూసి కుళ్ళుకునేవాళ్ళుంటారు, మొగుణ్ణి చూసి కుళ్ళుకునేవాళ్ళుంటారు, పొరుగింటి పుల్లకూర రుచి అన్నారు గానీ పొరుగింటి రోగం రుచి అన్నవాళ్ళు ఇంతవరకూ లేరు. ఆ ఘనత తనకే దక్కింది. ఎదురుగోడ మీద ఎర్రవీ నీలివీ గొట్టాలతో గుండె బొమ్మ ఉంది, దానివైపు చూడకుండా ఉండాలంటే మెడ పక్కకి తిప్పుకుని కూర్చోవాలి, ఆమె అలాగే కూర్చుంది.

పాలపళ్ళు ఊడకముందే చెల్లెలి గుండెలో ఏదో కవాటం సరిగ్గా మూసుకోవడం లేదని తేలింది, ఆ రోజుతో ఇంట్లో పేర్లు మారిపోయాయి. అది గాజుబొమ్మ అయింది, తను గుండ్రాయి అయింది. గాజుబొమ్మకి కిటికీ పక్క మంచం, కమలాపండు తొనల మీది తెల్ల నారలు కూడా ఒలిచి నోట్లో పెట్టడం, మెట్లెక్కేటప్పుడు నాన్న భుజం. గుండ్రాయికి ఏముంటుంది, గుండ్రాయి గట్టిది కదా, ఆ నీళ్ళ బిందె అందుకో, ఆ తలుపు వేసిరా, చెల్లిని చూస్తుండు. ఒకసారి చంకలో ఉల్లిపాయ పెట్టుకుని పడుకుంది, ఒళ్ళు కాలుతుందని ఎవరో చెబితే. ఒళ్ళు నిజంగానే కాలింది. అమ్మ నుదుటి మీద చెయ్యి వేసింది, ఆ చెయ్యి కాస్త ఎక్కువసేపే ఉంది, అంతలో దుప్పట్లోంచి వాసన వచ్చింది, అమ్మ నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, మన గుండ్రాయికి జ్వరం కూడానా అని బడికి పంపేసింది. రోజంతా పక్కపిల్లలు ముక్కులు మూసుకున్నారు. తర్వాత మేనత్త వచ్చింది, సముద్రం అవతల పెద్దాసుపత్రిలో నర్సుగా ఉండే మేనత్త, చెల్లెలికి అక్కడ ఆపరేషన్ చేయిస్తానని ఎత్తుకుపోయింది. ఆపరేషన్ నాలుగు రోజులది, చెల్లెలు ఉన్నది ఏడాది. ఆ ఏడాది తన పుట్టినరోజుకి అత్తయ్య ఒక గౌను కుట్టి పంపింది, ఆకుపచ్చది, జేబులున్నది. చెల్లెలి కొలతలతో కుట్టింది. చేతులు దూరలేదు, మెడ దిగలేదు, అత్తయ్యకి తెలిసిన ఒళ్ళు ఒక్కటే మరి. మడిచి దాచింది, చెల్లెలు తిరిగొచ్చాక అమ్మే దానికి తొడిగింది. అది అద్దం ముందు గుండ్రంగా తిరిగింది, జేబుల్లో చేతులు పెట్టుకుని.

ఇప్పుడా అత్తయ్య ఎనభైలు దాటింది, మంచంలోంచి లేవడం లేదు. మొన్నామధ్య ఫోన్ చేసి, "ఇద్దర్నీ చూడాలనుందే, ఇంక ఎంతో కాలం ఉండను, వచ్చెయ్యండి" అంది. తర్వాత, "చిన్నదానికి ఎలా ఉంది? ఆయాసం వస్తోందా? జాగ్రత్తగా తీసుకురా తల్లీ" అంది. నువ్వెలా ఉన్నావు అని అడుగుతుందేమోనని అక్క ఫోన్ చెవికి నొక్కుకుని కాసేపు ఆగింది. "నీకేమే, గుండ్రాయివి" అంది అత్తయ్య ముద్దుగా. సరే అనుకుంది, అడగందే అమ్మైనా పెట్టదంటారు, అత్తయ్యేం పెడుతుంది. టికెట్ల కంటే ముందు ఇన్సూరెన్స్ చూసుకోమన్నారు అందరూ, అక్కడ ఆసుపత్రి గడప తొక్కితే ఇల్లమ్ముకోవాలట. ఏజెంటు ఇంటికి వచ్చాడు, బట్టతల మనిషి, పక్కన పెన్నుల పెట్టె పెట్టుకుని మరీ కూర్చున్నాడు. ముందునుంచీ ఉన్న జబ్బులు ఏమిటమ్మా అని చెల్లెల్ని అడిగాడు. ఇక చూడాలి చెల్లెలి మొహం. పుట్టినప్పటి నుంచి మొదలుపెట్టింది. కవాటం, ఆపరేషన్, ఏడాదికోసారి పరీక్ష, పొద్దున వేసుకునేవి, రాత్రి వేసుకునేవి, నొప్పి వస్తే నాలుక కింద పెట్టుకునేవి. ఏజెంటు అయ్యో అన్నాడు, ఆహా అన్నాడు, రెండుసార్లు టీ తాగాడు. జబ్బున్నా పర్వాలేదమ్మా, అది బుద్ధిగా ఉండాలి అంతే, ఆర్నెల్లుగా మందు మారకూడదు, పెరగకూడదు, నొప్పులు ఎక్కువ కాకూడదు, అలా ఉంటే కంపెనీ ఒప్పుకుంటుంది, లేకపోతే అక్కడ గుండెకి ఏమొచ్చినా పైసా ఇవ్వదు, డాక్టరు సంతకం, మందుల షాపు బిల్లులు తెచ్చి చూపించండి అన్నాడు. తర్వాత ఇటు తిరిగాడు. "మరి అక్కగారికి?" అక్క నోరు తెరిచింది. నిజంగానే తెరిచింది, అది తనకు గుర్తుంది, నాలుక మీద మాట కూడా ఉంది. చెల్లెలు నవ్వేసింది. "అక్కకేముంటాయండీ, గుండ్రాయి." ఏజెంటు కూడా నవ్వి టిక్కు పెట్టేశాడు, పెన్ను మూత పెట్టేశాడు, తన అరవై ఏళ్ళ ఒళ్ళు ఒక్క టిక్కులో అయిపోయింది.

నాలుక మీద ఉన్న ఆ మాట ఏమిటంటే, నాకూ నొప్పి వస్తోందండీ, అని. ఇద్దరూ కర్టెన్లు కుట్టే షాపు నడుపుతారు, చెల్లెలు మిషను దగ్గర కూర్చుని అంచులు కుడుతుంది, ఫ్యాను కింద, వీపుకి దిండు పెట్టుకుని. అక్క బట్ట కోస్తుంది, ఇళ్ళకి వెళ్ళి కొలతలు తీస్తుంది, నిచ్చెనెక్కి కడ్డీ బిగించి తెరలు వేలాడదీస్తుంది. వానలకి ముందు ఒకరింట్లో పెద్ద హాలు, బరువైన మఖ్మల్ తెరలు, రెండు చేతులూ పైకెత్తి కొక్కేలు తగిలిస్తుంటే ఛాతీ మీద ఎవరో వచ్చి కూర్చున్నారు. ఊపిరి సగంలో ఆగింది, ఎడమచెయ్యి తనది కాకుండా పోయింది, కింద ఇంటావిడ కుచ్చిళ్ళు సమంగా లేవమ్మా అంటోంది. నిచ్చెన దిగి, కుచ్చిళ్ళు సర్ది, మళ్ళీ ఎక్కింది. ఆ సాయంత్రం ఇంటి మెట్ల మీద రెండోసారి వచ్చింది. చెల్లెలు నిద్రపోతోంది. దాని మాత్రల సీసా బల్ల మీద ఉంది, గోధుమరంగు బుల్లి సీసా, రోజూ తనే మూత తీసి సర్దే సీసా. ఒకటి తీసి నాలుక కింద పెట్టుకుంది. చురుక్కుమంది, తల దిమ్మెక్కింది, చెవులు వేడెక్కాయి, ఆ తర్వాత ఛాతీ మీద కూర్చున్న పెద్దమనిషి తీరిగ్గా లేచి వెళ్ళిపోయాడు. హాయిగా ఉంది. ఒప్పుకోవాలి, నొప్పి తగ్గిన హాయి ఒక్కటే కాదు. ఇన్నేళ్ళుగా అది నాలుక కింద దాచుకుంటున్న మాత్ర ఇదా, ఇంత తియ్యగానా, అనుకుంది. దొంగ బెల్లం తిన్న పిల్లలా మూతి తుడుచుకుంది. అప్పటినుంచి నొప్పి వచ్చినప్పుడల్లా అదే, సీసా ఖాళీ అయితే చెల్లెలి చీటీ మీదే ఇంకోటి కొనుక్కొచ్చేది. తేలు కుట్టిన దొంగ కేకలు పెట్టగలడా. ఇప్పుడు డాక్టరు దగ్గరికి వెళ్తే జబ్బు పుస్తకానికెక్కుతుంది, ఎక్కితే ప్రయాణం ఆగుతుంది. అదొకటి, ఇంకొకటి కూడా ఉంది, దాన్ని కప్పిపెట్టి ఏం లాభం. ఇంట్లో రోగం చెల్లెలి ఆస్తి, దాంట్లో వాటా అడిగితే, ఉల్లిపాయ వాసన వస్తోందా అని వాళ్ళు చూస్తారేమోనని భయం. వాళ్ళు అంటే ఎవరు, అమ్మా నాన్నా పోయి ఎన్నేళ్ళో అయింది, అయినా భయం వాళ్ళకే.

గాజులో నీడ కదిలింది. డాక్టరమ్మ బల్ల దగ్గరికి వెళ్ళింది, కాగితాలు తిరగేస్తోంది కాబోలు, చెయ్యి ఆగి ఆగి కదులుతోంది. కాగితాలు. బిల్లులు. పొద్దున తనే కదా వాటిని గుచ్చింది, ఒక్క బిల్లు కూడా పోకూడదన్నాడని, ఆర్నెల్లవీ వరసగా పెట్టి, అంచులు కలిపి, బట్ట మడిచినట్టు మడిచి మరీ పెట్టింది. ఆ మాత్రల సీసాలు వెనకటికంటే రెట్టింపు ఉంటాయి. తను మింగినవన్నీ చెల్లెలి ఖాతాలో ఉన్నాయి. ఈవిడ చదువుకున్న మనిషి, చూడగానే లెక్క తెలిసిపోతుంది, ఈ పేషెంటుకి నొప్పులు రెట్టింపయ్యాయి, జబ్బు బుద్ధిగా లేదు, సంతకం పెట్టను, అంటుంది. ఇప్పుడే లేచి తలుపు తోసి చెప్పాలి. కాళ్ళు లేవలేదు. ఎందుకు లేవలేదంటే, కాళ్ళకంటే ముందు ఇంకో ఆలోచన లేచింది. చెల్లెలికి ఒప్పుకోకపోతే చెల్లెలు ఆగిపోతుంది. తనకి టిక్కు పడింది. తను వెళ్ళచ్చు. ఒక్కతీ. అత్తయ్య ఇంటి తలుపు తెరుచుకుంటుంది, మంచం మీంచి అత్తయ్య తల తిప్పి, తన భుజం మీదుగా వెనక్కి చూస్తుంది గాజుబొమ్మ ఏదని, వెనక ఎవరూ ఉండరు, అప్పుడు ఇక గతిలేక తననే చూస్తుంది. ఆ చూపు ఎలా ఉంటుందో అక్కకి తెలీదు. దాని కోసం ఏమైనా చెయ్యచ్చు అనిపించింది, దారిలో గుండె ఆగిపోయినా సరే అనిపించింది, ఛీ, ఇంత పాడుబుద్ధి ఏమిటి నాకు అని కూడా అనిపించింది, అయినా కుర్చీలోంచి లేవలేదు.

మనసు ఇంకా గడుసుది, తప్పు చేసేముందు పాత బాకీలన్నీ బయటికి లాగుతుంది. ఆయన పోయిన రోజు గుర్తుకొచ్చింది. తన మొగుడు, తన ఇంట్లో, తన చేతుల్లో పోయాడు. బతికున్నన్నాళ్ళూ ఆయన కూడా అంతే, చెప్పులు విప్పుతూనే చిన్నదానికి ఎలా ఉంది అనేవాడు, పాపం మంచివాడు, దాన్ని సొంత చెల్లెలికంటే ఎక్కువగా చూసుకున్నాడు, అదే కదా బాధ, చెడ్డవాడైతే తిట్టుకునేది. పలకరించడానికి వచ్చినవాళ్ళు గుమ్మంలోనే, ముందు చిన్నదానికి మంచినీళ్ళివ్వండి, దాని గుండె అసలే అంతంతమాత్రం, అన్నారు. దాన్ని పడుకోబెట్టారు, విసిరారు, అరికాళ్ళు రాశారు. గ్లాసు అందించింది ఎవరనుకున్నారు, తనే. మొగుడు పోయిన ఆడది లేచి వెళ్ళి, నీళ్ళు తెచ్చి, తాగవే అంది. అప్పుడు కూడా ఒక్క ఏడుపు ఏడవడానికి చోటు దొరకలేదు, ఇల్లంతా చెల్లెలి ఆయాసంతో నిండిపోయింది. దాని తప్పేముంది? ఏమీ లేదు. దాని తప్పు ఒక్కటి ఉన్నా ఈపాటికి క్షమించేసి హాయిగా ఉండేది.

తలుపు తెరుచుకుంది. "అక్కగారూ, మీరొకసారి లోపలికి రండి" అంది నర్సు.

గది చిన్నది, మందుల వాసన, బల్ల మీద బిల్లులు పేకముక్కల్లా పరిచి ఉన్నాయి. చెల్లెలు కుర్చీ అంచున కూర్చుని ఉంది, చెయ్యికి కట్టిన బీపీ పట్టీ ఇంకా విప్పలేదు. డాక్టరమ్మ చిన్న వయసుదే, కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకుని, "పరీక్షలన్నీ బాగున్నాయమ్మా. కానీ నాలుక కింది మాత్రలు ఇన్ని ఎందుకు అయ్యాయో ఈవిడ చెప్పడం లేదు. ఇంట్లో మందులు మీరే చూస్తారట కదా?" అంది.

అక్క ఇంకా గొంతు సవరించుకుంటూనే ఉంది. చెల్లెలు ముందే అందుకుంది. "నేనే వేసుకున్నానండీ. ఈమధ్య నొప్పి ఎక్కువగా వస్తోంది. అక్కకి చెప్పలేదు."

"రోజుకెన్ని?"

"రెండు. ఒక్కోసారి మూడు." తల వంచుకుని చెప్పింది, చిన్నప్పుడు పద్యం అప్పజెప్పినట్టు. "ప్రయాణం నా వల్ల కాదులెండి. మీరు సంతకం పెట్టకపోయినా పర్లేదు. అక్క వెళ్ళొస్తుంది. అత్తయ్యని అక్క చూస్తే చాలు."

గదిలో ఫ్యాను తిరుగుతోంది, బిల్లుల అంచులు లేచి పడుతున్నాయి. అక్క చెల్లెలి నడినెత్తి చూసింది, పాపిడి దగ్గర పల్చబడిన జుట్టు, పొద్దున తనే దువ్వింది. దీనికి నొప్పి లేదు. దీనికి తెలుసు. ఎప్పటినుంచో తెలుసు. తన కోసం అబద్ధం ఆడుతోంది, కవరేజీ వదులుకుంటోంది, అత్తయ్యనే వదులుకుంటోంది, పళ్ళెంలో పెట్టి ఇస్తోంది. నోరు మూసుకుని నిలబడితే చాలు, అన్నీ తనవే. అక్క భగ్గుమంది. మండింది కృతజ్ఞత కాదు, ప్రేమా కాదు, ఎప్పటిదో ఆ పాత మంటే. కిటికీ పక్క మంచం దీనికే, తొనలు దీనికే, గౌను దీనికే, మొగుడు చచ్చిన రోజు మంచినీళ్ళు కూడా దీనికే. ఇప్పుడు త్యాగం కూడా దీనికేనా? రేపు అత్తయ్యకి ఫోన్లో తెలిస్తే, చిన్నది ఎంత మంచిదే, అక్క కోసం ఆగిపోయింది, అని కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది, తను ఆ మంచం పక్కనే కూర్చుని అదంతా వినాలి.

"అబద్ధం" అంది అక్క. గొంతు మరీ పెద్దగా వచ్చింది, నర్సు వెనక్కి తిరిగి చూసింది. "అది చెప్పేదంతా అబద్ధమండీ. దానికేం నొప్పుల్లేవు. ఆ మాత్రలు నేను మింగాను. నాకొస్తోంది నొప్పి."

"అక్కా, ఊరుకో."

"నువ్వూరుకోవే. నాకు దానం చెయ్యడానికి నువ్వెవరివి? లే ముందు."

"ఏంటి?"

"కుర్చీలోంచి లేవవే. నన్ను చూడాలి."

చెల్లెలు లేచింది. అక్క కూర్చుంది. కుర్చీ ఇంకా వెచ్చగా ఉంది. డాక్టరమ్మ ఒక్క క్షణం ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, కళ్ళజోడు కిందికి దించుకుని, అక్క మీదికి వంగింది. ఆవిడ ఊపిరి చెంపకి తగిలింది, వేళ్ళు చల్లగా మణికట్టు పట్టుకున్నాయి. ఎప్పటినుంచి, ఎక్కడ మొదలవుతుంది, ఎటు పాకుతుంది, ఎంతసేపుంటుంది, ఏం చేస్తుంటే వస్తుంది, అని ఒక్కొక్కటే అడిగింది. అక్క చెప్పింది. నిచ్చెన దగ్గర మొదలుపెట్టి, మఖ్మల్ తెరల బరువు చెప్పి, మెట్లు చెప్పి, ఎడమచెయ్యి చెప్పి, రాత్రి రెండు దిండ్లు వేసుకుంటే గానీ పడుకోలేకపోవడం చెప్పింది. ఎవరూ నవ్వలేదు. నర్సు ఆమెని పక్కనున్న మంచం మీద పడుకోబెట్టి ఛాతీకీ కాళ్ళకీ తీగలు అంటించింది, మిషను కాగితం కక్కింది, డాక్టరమ్మ దాన్ని పట్టుకుని కిటికీ వెలుతురులో చాలాసేపు చూసింది.

"నీకు తెలుసు కదూ?" అంది అక్క, పడుకునే, చెల్లెలి వైపు తిరగకుండా.

"సీసా అయిపోతుంటే తెలీదా."

"తెలిసి ఇన్నాళ్ళూ ఒక్కమాట అడగలేదేం?"

చెల్లెలు చీర కొంగు వేలికి చుట్టుకుంటోంది. "అడిగితే నువ్వు అవునంటావని భయమేసింది. నీకేం లేదు అనుకుంటేనే నాకు నిద్ర పడుతుందక్కా. చిన్నప్పట్నుంచీ అంతే."

తిట్టడానికి అక్క ఒకటి రెండు మాటలు వెతికింది, దొరకలేదు. డాక్టరమ్మ కాగితం మడిచి బల్ల మీద పెట్టి, మెల్లిగా, దాచకుండా చెప్పింది. మీ చెల్లెలుగారి గుండె బాగానే ఉంది, ఈవిడ వెళ్ళచ్చు, సంతకం పెడుతున్నాను. మీ గుండెకే రక్తం సరిగ్గా అందడం లేదు, మీరు మాత్రం ఎక్కడికీ వెళ్ళరు. రేపే పెద్దాసుపత్రిలో చేరాలి. మందులు మొదలుపెట్టి, అవి మార్చకుండా ఆర్నెల్లు నిలకడగా ఉంటే, అప్పుడు మీ జబ్బుకీ ఇన్సూరెన్స్ వాళ్ళు ఒప్పుకుంటారు, అప్పుడు వెళ్దురుగాని. ఆర్నెల్లు. అత్తయ్య అంతకాలం ఉండదని అక్కచెల్లెళ్ళిద్దరికీ తెలుసు.

చెల్లెలు ఏడవడం మొదలుపెట్టింది. "నేనూ వెళ్ళను. ఒక్కదాన్నే ఎలా వెళ్తాను, నాకు భయం. నీ దగ్గరే ఉంటాను."

"వెళ్తావు" అంది అక్క. తీగలతోనే లేచి కూర్చుంది. మళ్ళీ దీనికే, మళ్ళీ అత్తయ్య దీనికే, యాభై ఏళ్ళ తర్వాత కూడా ఆ ఇంటి గుమ్మంలోకి అదే వెళ్తుంది, తను ఇక్కడే ఉంటుంది. కుళ్ళు ఎక్కడికీ పోలేదు, ఛాతీలో అలాగే ఉంది, పక్కనే నొప్పి కూడా ఉంది, ఏది ఏదో ఇప్పుడు డాక్టరమ్మ అడిగినా చెప్పగలిగేలా లేదు. చెల్లెలి చెయ్యి పట్టుకుని దగ్గరికి లాగింది.

"వెళ్ళి అత్తయ్య పక్కన కూర్చో. నా గురించి అడుగుతుంది. అడక్కపోయినా నువ్వే చెప్పు. అక్కకి ఒంట్లో బాగాలేదని చెప్పు."

"చెప్తానక్కా."

"నీకంటే ఎక్కువగా ఉందని చెప్పు."